తొమ్మిదో గదికి టీ ఇవ్వని పెద్దాయన

ఇరవై ఒక్క సంవత్సరాలు న్యూజిలాండ్ వెల్లింగ్టన్‌లో టీ పోశాను. గుంటూరులో నర్సుగా ఇంజెక్షన్లు చేసిన చేతులతో ఇక్కడ ముసలివాళ్లుండే రెస్ట్ హోములో కేర్‌గివర్‌గా చేరి, పొద్దున పదింటికోసారి, మధ్యాహ్నం మూడింటికోసారి ట్రాలీ తోశాను. స్నానాలు చేయించడం, బట్టలు మార్చడం, నోట్స్ రాయడం కూడా ఉండేవి, కానీ అవెవరికీ గుర్తుండవు. ఇప్పటికీ జాన్సన్‌విల్ బజార్లో ఎవరైనా ఆపి పలకరిస్తే "మా అమ్మకి టీ ఇచ్చేవారు మీరే కదా" అంటారు. అవును, నేనే.

మా చర్చికి వచ్చే పిల్లలు చాలామంది చదువుకోవడానికి వచ్చి ఇలాంటి హోముల్లోనే షిఫ్టులు చేస్తున్నారు. రోజూ అదే పని, అవే గదులు, బోర్ కొడుతోంది ఆంటీ అని నా దగ్గర వాపోతుంటారు. వాళ్ల కోసమే ఇది రాస్తున్నాను. నా ఉద్యోగంలో నేను చేసిన అతి పెద్ద తప్పు ఇందులో ఉంది, నేను చూసిన అతి గొప్ప రోజు కూడా ఇందులోనే ఉంది. పేర్లు మాత్రం రాయను. ఆ ఉద్యోగంలో మొదటి రోజే నేర్పే పాఠం అది, రిటైరయినా వదల్లేదు.

పెద్దాయన డచ్ మనిషి. తొంభై దాటాయి. ఆరడుగుల పొడుగు, వంగని నడుము, చెవులు కాస్త మందం. మతిమరుపు మొదలైంది, పొద్దున తిన్నది మధ్యాహ్నానికి గుర్తుండదు. నేను ఆ వింగ్‌కి మారేటప్పటికి టీ ట్రాలీ ఆయనే తోసేవారు. నాకు ముందున్న కేర్‌గివర్ అలవాటు చేసిందట. వరండా పొడుగునా పదమూడు గదులు. ఒక్కో తలుపు దగ్గరా ఆగి, వేలి కణుపులతో రెండుసార్లు కొట్టి, గట్టిగా ఒక పేరు పిలిచేవారు. ఆ పేర్లలో ఒక్కటి కూడా లోపలున్నవాళ్లది కాదు. నాలుగో గదిలో ఉన్న ఐరిష్ ఆవిడ అయితే పోనీలెమ్మని పలికేది.

చూడగానే నాకు ఒళ్లు మండిపోయింది. పేర్లు తప్పు పిలిచినందుకు కాదు. తొంభయ్యేళ్ల మనిషి బండి తోస్తుంటే, కూతురి వయసున్నదాన్ని, నేను పక్కన చేతులూపుకుంటూ నడవడమా? మా ఇంట్లో తాతయ్య మంచినీళ్ల కోసం తనే లేచారంటే, మా అమ్మ చీపురు తిరగేసేది. అందుకని మొదటి వారంలోనే ట్రాలీ లాగేసుకున్నాను. మీరు హాయిగా కూర్చోండి, నేనుండగా మీకెందుకు శ్రమ అని కుర్చీ చూపించాను. ఎంత మంచిదాన్నో అని నన్ను నేనే మెచ్చుకున్నాను కూడా.

ఆయన రెండు మూడు రోజులు ట్రాలీ కోసం గొడవ పడ్డారు. నా చేతికి ఇంకో ఆయుధం దొరికింది. తొమ్మిదో గదిలో ఉండేది రిటైర్డ్ హెడ్‌మాస్టరు, కంప్లయింటు రాయడంలో దిట్ట. పెద్దాయన తనకి టీ ఇవ్వకుండా కావాలని దాటిపోతున్నాడని ఆయన ఫిర్యాదు. నిజమే, పెద్దాయన ఆ తలుపు దగ్గర ఆగేవారే కాదు. ఎందుకండీ అని అడిగితే నవ్వి, "వాళ్లు ఇంట్లోనే కాల్చుకుంటారు" అనేవారు. టీ కాల్చుకోవడమేమిటో మాకు బోధపడేది కాదు.

నేను ఊరుకుంటానా? నా దస్తూరి ముత్యాల్లా ఉంటుందని స్కూల్లో పేరు. ఆ ముత్యాలతోనే నోట్స్‌లో బారెడు రాశాను. ఈయనకి మనుషులు తెలియడం లేదు, ఫలానా గదివాళ్లని ఫలానా పేరుతో పిలుస్తున్నారు, తొమ్మిదో గదిని వదిలేస్తున్నారు, ట్రాలీ మీద మరిగే నీళ్లున్నాయి, ప్రమాదం. ఆ పేర్లు చెవికి వినపడ్డట్టు ఇంగ్లిష్ అక్షరాల్లో రాసి పెట్టాను. మేనేజరు అది చదివి, రెసిడెంట్లెవరూ ట్రాలీ ముట్టుకోకూడదని ఆర్డరు వేసింది.

అక్కణ్నుంచి పెద్దాయన కిటికీ పక్క కుర్చీలో కూలబడ్డారు. మాటలు తగ్గాయి, తిండి తగ్గింది. మా వింగ్ నర్సు వరంగల్ అమ్మాయి. స్టూడెంట్‌గా వచ్చి ఇక్కడే చదువుకుని నర్సయింది. హోదాలో నాకు పైన, వయసులో నా కూతురంత. ఆర్డరు వేసేటప్పుడు కూడా ఆంటీ అనే వేస్తుంది. ఒకరోజు ఆయన బరువు చూసి వచ్చి నా పక్కన కూర్చుంది.

"ఆంటీ, ఆయనకి పని లేకుండ జేసినం మనం. గందుకే గట్లయిండు."

"అంత పెద్దాయన చేత పని చేయిస్తే పాపం తగులుద్దమ్మా."

"పని గుంజుకుంటె తగల్దా?"

నేను లేచి కప్పులు కడగడం మొదలుపెట్టాను. కోపం వచ్చింది, అది ఆ పిల్ల మీద కాదని తెలుసు.

క్రిస్మస్ వచ్చింది. ఇక్కడ క్రిస్మస్ నడివేసవిలో వస్తుంది కాబట్టి చలికోట్లూ కొవ్వొత్తులూ ఉండవు, చెమటలు కక్కుకుంటూ పాడతాం. ఆ ఏడు మా తెలుగు చర్చి వాళ్లని మా హోములో కేరల్స్ పాడమని పిలిచాను. హాల్లో పాడి వెళ్లిపోదామన్నారు కానీ నేను ఒప్పుకోలేదు. కేరల్స్ అంటే తలుపు తలుపుకీ వెళ్లి పాడాలి. మా పేటలో అలాగే తిరిగేవాళ్లం. మా పేటలో ఇళ్లెన్ని అని అడిగితే ఈనాటికీ నేను చెప్పలేను. కేరల్స్ వరసలో అడిగితే మాత్రం, మొదట జామచెట్టు వాళ్లు, తర్వాత రైల్వే ఆయన, తర్వాత కేకు బదులు చెక్కలు పెట్టే పిసినారి మేస్త్రి, ఒక్కటి తప్పకుండా చెప్పేస్తాను. కాళ్లకున్న జ్ఞాపకం అది.

డోలక్ మొదలవగానే పెద్దాయన కుర్చీలోంచి లేచి వచ్చారు. మా గుంపు మొదటి గది ముందు ఆగేసరికి అందరినీ తప్పించుకుని ముందుకొచ్చి, రెండుసార్లు తలుపు కొట్టి పేరు పిలిచారు. రెండో గది, మూడో గది అలాగే. మావాళ్లు నవ్వుకుంటూ పాడుతున్నారు. ఆరో గది దగ్గర నా పాట ఆగిపోయింది.

ఎందుకో చెప్తాను. మార్చిలో నేను నోట్స్ రాసినప్పుడు ఆరో గదిలో ఒక ఆవిడ ఉండేది. ఆవిణ్ని ఆయన పిలిచే పేరు నాకు బాగా గుర్తు, పలకడానికి గొంతులో గరగర రావాలి. ఆవిడ శీతాకాలంలో పోయింది. ఇప్పుడా గదిలో సామోవా దీవుల నుంచి వచ్చిన బట్టతల ఆయన ఉన్నాడు. పెద్దాయన అతన్ని కూడా ఆ గరగర పేరుతోనే పిలిచారు.

అంటే ఆ పేరు మనిషిది కాదు, తలుపుది!

ఎనిమిదో గది దాకా వెళ్లాక ఎవరో హాల్లో కేకు కోస్తున్నారని పిలవడంతో గుంపంతా అటు పరిగెత్తింది. నేను మాత్రం ఆఫీసులోకి పరిగెత్తాను. నర్సుని పక్కన నిలబెట్టి మార్చి నోట్స్ తీయించాను. అప్పుడు రాసిన పేర్లు అయిదు, ఆ రోజు విన్న పేర్లు ఎనిమిది; అయిదూ సరిపోయాయి, అదే గది, అదే పేరు. ఆయన మతి తప్పి తిరగడం లేదు, ఎక్కడో ఒక వీధిలో తిరుగుతున్నారు. ఆ వీధిలో తొమ్మిదో ఇంటివాళ్లు ఏదో ఇంట్లోనే కాల్చుకుంటారు. ఏం కాలుస్తారు? రొట్టె! ఆ మాట నేనూ నర్సూ ఒకేసారి అన్నాం, ఆ పిల్ల నా చేయి పట్టుకుని గిరగిరా తిప్పేసింది.

మర్నాడే ఆయన కూతురికి ఫోను చేశాం. ఆవిడ ఇక్కడే పుట్టిన మనిషి, డచ్ ముక్క రాదు. తండ్రి వయసులో ఉండగా ఒక బేకరీలో పనిచేశాడని, అక్కడేదో వరద వచ్చిందని మాత్రం తెలుసట. మిగతా కథ ఆయన పాత కాగితాలూ ఇంటర్నెట్టూ వెతికి మేం ముగ్గురం కలిసి పోగుచేశాం. నెదర్లాండ్స్ నైరుతి మూల సముద్రంలోకి చొచ్చుకొచ్చిన దీవుల్లో ఒక చిన్న ఊరు. ఒకే వీధి. నేల సముద్ర మట్టానికి దిగువన, మధ్యన మట్టికట్ట ఒక్కటే కాపలా. 1953లో జనవరి ఆఖరి శనివారం రాత్రి పెనుగాలీ పెద్దపోటూ ఒకేసారి వచ్చి ఆ కట్ట తెగింది. అటకల మీదికీ కప్పుల మీదికీ ఎక్కి బతికినవాళ్లని ఆదివారం మధ్యాహ్నం రెండో పోటు వచ్చి, ఇళ్లతో సహా లాక్కెళ్లింది. నీళ్లు తీశాక ఆ ఊరిని మళ్లీ కట్టకూడదని నిర్ణయించారు. చదును చేసి పొలం చేశారు. ఆ ఊరి పేరు నేను పలికితే ఆ ఊరికి ఇంకో ఉపద్రవం, అందుకని వదిలేస్తున్నాను.

పెద్దాయన ఆ ఊరివారు కాదు. పక్కనున్న పెద్ద ఊళ్లో బేకరీ పనివాడు. రోజూ రొట్టెల బండి తోసుకుంటూ ఈ ఊరి వీధిలో ఇంటింటికీ ఇచ్చి పోయేవారు. బేకరీ ఊరు మెరక మీద ఉంది కాబట్టి బతికారు. ఏడాది తిరక్కుండా ఓడెక్కి ఇక్కడికి వచ్చి, జాన్సన్‌విల్‌లో అన్నిటికంటే ఎత్తున్న కొండ వీధిలో ఇల్లు కట్టుకున్నారు. కూతురు చిన్నప్పుడు అడిగితే, పోయింది వాళ్ల మనుషులమ్మా, నావాళ్లెవరూ కాదు, నేనేం చెప్పాలి అనేవారట. డెబ్భై ఏళ్లు అలాగే నోరు కట్టుకున్నారు.

కూతురు అక్కడి గ్రామ చరిత్ర సంఘానికి ఈమెయిల్ రాసింది. రెండు రోజుల్లో జవాబు వచ్చింది. రాసింది ఆ ఊళ్లోనే పుట్టిన ఒక ఆవిడ, డెబ్భై దాటినావిడ. వరదప్పుడు ఆవిడకి రెండేళ్లు. అటక కిటికీలోంచి ఎవరో పడవలోకి అందిస్తే బతికింది. అమ్మానాన్నలు పోయారు. దూరపు పట్నంలో బాబాయి పెంచాడు. మేం పంపిన ఎనిమిది పేర్లూ ఆ ఊరివాళ్లవేనని, తమకి ఖాయంగా తెలిసిన మూడిళ్లూ మా వరసలో సరిగ్గా వాటి చోటనే ఉన్నాయని రాసింది. ఫిబ్రవరి ఒకటిన ఆ పొలం గట్టున ఇంటికొక రాయి నిలబెడుతున్నారు, ఏ ఇల్లు ఎక్కడుండేదో అక్కడే, ఆ ఇంటివాళ్ల పేర్లతో. చివర్న తన పుట్టింటి పేరు చెప్పి ఒక ముక్క రాసింది. తన అమ్మానాన్నల ఇల్లు ఎక్కడో ముగ్గుర్ని అడిగితే ముగ్గురూ మూడు చోట్లు చూపించారట. ఏ రాయి ముందు నిలబడాలో తనకి తెలియదు.

ఆ ఇంటిపేరు మా ఎనిమిదింటిలో లేదు. అంటే అది మేం కేకు కోసం వదిలేసిన గదుల్లో ఉంది!

ఇక్కడ ఇంకో గడియారం కొట్టుకుంటోంది. పెద్దాయనకి ఛాతీలో నెమ్ము చేరింది, సోమవారం నాడు వేరే బిల్డింగులో హాస్పిటల్ వింగ్‌కి మార్చాలని డాక్టరు రాశాడు. అక్కడ ఈ వరండా ఉండదు, ఈ పదమూడు తలుపులుండవు. ఆవిడతో వీడియో కాల్ శుక్రవారం పొద్దున తొమ్మిదింటికి పెట్టాం.

మేనేజరు మంచి మనిషే, కానీ ఏదైనా అందంగా ఉండాలి. హాల్లో బల్ల మీద పూల గుడ్డ పరిచి, పెద్దాయనకి టై కట్టించి, టాబ్లెట్ ముందు కూర్చోబెట్టింది. పక్కన కూతురు. తెర మీద తెల్లజుట్టావిడ, ముందు కాగితం, చేతిలో పెన్సిలు. ఆవిడ డచ్‌లో అడగడం, ఆయన చెప్పింది మాకు ఇంగ్లిష్‌లో చెప్పడం.

ఆయన ఏమీ చెప్పలేదు. ఆ వీధిలో ఎవరెవరుండేవారు అంటే గుర్తు లేదన్నారు. ఫలానా పేరు విన్నారా అంటే తల అడ్డంగా ఊపారు. తను ఆ ఊరివాణ్ని కాదని మర్యాదగా మూడుసార్లు చెప్పారు. ఇరవై నిమిషాలు గడిచాయి. తెర మీద ఆవిడ పెన్సిలు కింద పెట్టి, చాలా సంతోషం, మిమ్మల్ని శ్రమ పెట్టానంది. శ్రమ అన్న ఆ మాట విని నాకు తల కొట్టేసినట్టయింది. నేను ఆయన దగ్గర్నుంచి లాక్కున్నది అదే కదా.

"ఆగండి, ఫోన్ పెట్టెయ్యొద్దు" అని వంటగదిలోకి పరిగెత్తాను. ట్రాలీ మీద నుంచి నీళ్ల కెటిలూ కప్పులూ దింపేసి, షెల్ఫులో ఉన్న బ్రెడ్ ప్యాకెట్లన్నీ పైన పేర్చాను. తోసుకొస్తుంటే మేనేజరు గుమ్మంలో అడ్డం నిలబడి, నువ్వు రాసిన రిపోర్టు మీద నేను వేసిన రూలే కదా ఇది అంది. ఎంత సిగ్గుపడ్డానో చెప్పలేను. నర్సు మధ్యలోకి వచ్చింది. మరిగే నీళ్లు లేకపోతే అది టీ ట్రాలీ కాదు, చక్రాలున్న బల్ల, ఫారం మీద సంతకం నేను పెడతానని ఇంగ్లిష్‌లో చెప్పి, నావైపు తిరిగి తెలుగులో అంది: "తొయ్యి ఆంటీ, ఏమైతదో నేను జూస్కుంట."

ట్రాలీని ఆయన ముందు పెట్టాను. ఆ ప్లాస్టిక్ సంచుల్లో ముక్కలు కోసిన బ్రెడ్‌ని ఆయన చూసిన చూపుంది చూశారూ, నేను పాచిపోయిన పులుసు వడ్డించినట్టు చూశారు. అయినా లేచారు. టై వదులు చేసుకుని పిడి పట్టుకున్నారు.

మొదటి గది. రెండు దెబ్బలు, పేరు. నర్సు టాబ్లెట్ పట్టుకుని వెనకే నడుస్తోంది. తెర మీద ఆవిడ గబగబా రాసుకుంటోంది. ఇంతకుముందు కేకలా పిలిచి ఊరుకున్న మనిషి ఇప్పుడు డచ్‌లో కబుర్లు కూడా చెప్తున్నారు. ఈ ఇంట్లో కుక్క కరుస్తుంది. ఈ ఇంట్లో ముసలమ్మకి పళ్లు లేవు, మెత్తటిది కావాలి. ఈ ఆరో ఇంటాయన చర్చిలో గంట కొడతాడు. ఒక్కో తలుపు దాటేకొద్దీ ఆయన నడక జోరందుకుంటోంది. నాకు పట్టరాని ఆనందంగా ఉంది, ఎగిరి గంతెయ్యాలనుంది. రెసిడెంట్లంతా గుమ్మాల్లోకి వచ్చి నిలబడ్డారు. ప్రతి ఇంట్లో రెండేసి ప్యాకెట్లు ఇస్తుంటే, ఎందుకు రెండు అని కూతురు అడిగింది. తెర మీద ఆవిడే జవాబు చెప్పింది. ఆదివారం బండి రాదు, అందుకని శనివారం రెండేసి రొట్టెలు ఇస్తారు.

అప్పుడు మాకందరికీ అర్థమైంది, ఆయన ఏ శనివారం నడుస్తున్నారో.

తొమ్మిదో తలుపు ముందు హెడ్‌మాస్టరు చెయ్యి చాచుకుని నిలబడి ఉన్నాడు. పెద్దాయన ఆగకుండా దాటేసి అదే మాటన్నారు. తెర మీద ఆవిడ చప్పట్లు కొట్టింది. ఆ ఇంట్లో సొంత పొయ్యి ఉండేదని, ఆ ఇంటివాళ్ల మనవడు తనకి చెప్పాడట. హెడ్‌మాస్టరు కూడా నవ్వి, కంప్లయింట్ వాపస్ తీసుకుంటున్నానన్నాడు.

పదో తలుపు వెనక ఒక చాకలావిడ ఉండేదట. పదకొండో గది దగ్గర ఆయన రెండుసార్లు కొట్టి పేరు పిలిచారు.

తెర మీద ఆవిడ ఇంగ్లిష్‌లోకి చెప్పలేదు. పెన్సిలు కదల్లేదు. ఏమన్నారు అని కూతురు అడిగింది. ఆ ఇంటిపేరు ఈమెయిల్‌లో చదివినదే, నాకు తెలుసు. నర్సు నా భుజం గట్టిగా పట్టుకుంది. ఆవిడ చాలా చిన్న గొంతుతో ఏదో అడిగింది. మా పెద్దాయన చెవులు మందమని చెప్పాను కదా, ఆ ప్రశ్న ఆయనకి వినపడిందో లేదో ఇప్పటికీ తెలియదు. ఆయన మాట్లాడుతున్నది తలుపుతో. ఎడమ చేయి నడుము మీద వంచి పట్టుకుని, అక్కడ ఏదో బరువున్నట్టు చూపిస్తూ నవ్వుతున్నారు.

ఆవిడ తేరుకుని, ఒక్కో మాటా ఆపి ఆపి మాకు చెప్పింది.

"మా అమ్మ ఎప్పుడూ ఎడమ చంకన పిల్లతోనే తలుపు తీస్తుందంటున్నారు. రెండు రొట్టెలకి ఒక చెయ్యి చాలదు కదా. ఒకటి ఆవిడ చేతిలో పెట్టి, రెండోది పిల్ల చేతికిచ్చారట. పిల్ల అప్పుడే దాని కొస కొరికేసిందట."

నాకు ఏడుపు ఆగలేదు, నవ్వు కూడా ఆగలేదు. కూతురు తండ్రి వీపు మీద చెయ్యి వేసి నిలబడిపోయింది. తెర మీద ఆవిడ కళ్లజోడు తీసి పక్కన పెట్టి, ఆయన్ని ఒక్క నిమిషం ఆగమనండి, అమ్మ గురించి ఇంకా అడగాలి అంది. కూతురు ఆయన చెవిలో గట్టిగా ఆ సంగతి చెప్పింది.

పెద్దాయన ట్రాలీ మీద మిగిలిన ప్యాకెట్లు లెక్కపెట్టుకుని తల అడ్డంగా ఊపారు.

"వీల్లేదు. ఇంకా రెండిళ్లున్నాయి."

ఎందుకో ఆవిడకి ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేకపోయింది. కళ్లజోడు మళ్లీ పెట్టుకుని, పెన్సిలు చేతిలోకి తీసుకుంది.

"అయితే పదండి, నేనూ వస్తాను."

నర్సు టాబ్లెట్‌ని ముందువైపుకి తిప్పి పట్టుకుంది, ఆవిడకి దారి కనపడేలా. ఆయన బండి కదిలించారు. అందరం పన్నెండో ఇంటికి నడిచాం.